కొబ్బరాకు లేని కుర్చీ

ఒల్‌సంగ్‌లో మగవాళ్ళు కూర్చుంటారు, ఆడవాళ్ళు కూర్చోబెడతారు. పలౌ దీవుల్లో ఏ ఊరు చూసినా ఇదే వరస గానీ, ఒల్‌సంగ్‌లో ఇది కాస్త ముదిరిన వ్యవహారం. ఊరి పెద్దని ఎంచేది పెద్దింటి ఆడవాళ్ళు. ఎంచిన మగవాడి తల మీద కొబ్బరాకు ఉంచి, పాత పేరు తీసేసి పెద్దరికం పేరు పెడతారు. వాడు తిన్నగా ఉన్నన్నాళ్ళూ ఆ ఆకు వాడిదే. తల తిరిగిందా, ఆకు పెట్టిన చెయ్యే వచ్చి ఆకు తీసేస్తుంది. ఆ తరవాత వాడు ఎంత గొంతు చించుకున్నా ఊళ్ళో కుక్క కూడా చెవి నిక్కించదు.

ఆ చెయ్యి దిలుబెక్‌ది.

చూడ్డానికి ఎండబెట్టిన రొయ్యంత మనిషి. ఎనభయ్యో పడి దగ్గర పడింది. చంకలో మొగలాకు బుట్ట, బుట్టలో వక్కలు, తమలపాకులు, సున్నం సీసా. నోరు ఎప్పుడూ ఎర్రన. వెనకటికి ఒక పెద్ద, ఊరంతా చేపలు పట్టుకునే గండిని గుట్టుచప్పుడు కాకుండా పొరుగూరికి ధారపోశాడని తెలిసి ఈవిడ ఆయన వాకిట్లోకి వెళ్ళింది. తిట్టలేదు, శపించలేదు. ఆయన్ని చిన్నప్పటి పేరు పెట్టి పిలిచింది. ఒకే ఒక్కసారి. అంతే, ఆయన పెద్దరికం అక్కడితో సరి. ఆ పిలుపుకి ఆయన జుట్టు నిలుచున్నపళంగా నెరిసిందనీ, ఆ వాకిట్లో కోడి సగం పెట్టిన గుడ్డుని మళ్ళీ లోపలికి లాక్కుందనీ చెప్పుకుంటారు. జుట్టు సంగతి నమ్మినా నమ్మకపోయినా, కోడి సంగతి మాత్రం నమ్మాలి. ఆ కోడి ఆ తరవాత ఇంక గుడ్డు పెట్టలేదు.

ఇప్పుడున్న ఊరి పెద్ద ఆవిడ తమ్ముడే, ఉబాల్. అక్క పెట్టిన ఆకు కాబట్టి అక్క తుమ్మితే చాలు, తల తడుముకుంటాడు. ఆయనకి చేపలు పట్టడం కన్నా పట్టిన కథ చెప్పడం బాగా వచ్చు. ఒకసారి ఆయన గాలానికి పడ్డ చేపని పైకి లాగితే మడుగులో నీళ్ళు జానెడు తగ్గిపోయి, అవతలి దీవిలో పీతలు కాళ్ళు తడవకుండా నడిచి వెళ్ళాయట. ఆ చేప ఏదయ్యా అంటే, తినేశాం కదా అంటాడు.

ఇంతకీ దిలుబెక్‌కి ఒక్కతే కూతురు. తోయోమి. తల్లి తరవాత ఆ ఆడపెద్దరికం ఆమెకి రావాలి. ఆమె తీసుకోకపోతే పెద్దింటి తీగ అక్కడితో తెగినట్టే. దిలుబెక్‌కి మోకాళ్ళు అరిగిపోయాయి, చేమ మడిలోకి దిగితే పైకి రావడం కష్టంగా ఉంది. మడిలోకి దిగలేని ఆడది మనిషిని ఏం ఎంచుతుందని ఆవిడే అంటుంది. అందుకని రెండేళ్ళుగా కూతురి రాక కోసం ఎదురుచూస్తోంది. సెనేట్‌కి ఎన్నికై టౌనులో ఉంటున్న కూతురు మాత్రం ఊరికి రావడానికి బదులు దేశానికే ప్రెసిడెంటుగా నిలబడింది.

*

ఓట్లు దగ్గర పడ్డాక తోయోమి తల్లి దగ్గరికి వచ్చింది. తన బొమ్మ అంటించిన బండిని ఊరి మొగలోనే ఆపేసి, నడిచి వచ్చింది. తల్లి వాకిట్లోకి తన మొహాన్ని రెండుసార్లు తేకూడదని ఆమె మర్యాద. వెనక ఇద్దరు మనుషులు ఒక బియ్యం బస్తా, బుట్టెడు చేపలు మోసుకొచ్చారు.

దిలుబెక్ బుట్టలోకి తొంగి చూసింది. "చేపలు తెచ్చావేమే? చేపలు మగాళ్ళ వాటా కదూ. అప్పుడే మగాడివైపోయావా?"

"నీ మడి నిండా దుంపలుంటే నీకు దుంపలు తేనా అమ్మా? సముద్రానికి ఉప్పు మోసినట్టుంటుంది."

గుమ్మంలో కూర్చున్న ఉబాల్ కిసుక్కున నవ్వాడు. "నోరు పదునెక్కిందక్కా మన పిల్లకి. ఓట్లడిగి అడిగి నూరుకుంది. అవునమ్మాయ్, ఆస్పత్రిలో ఇరవై ఏళ్ళు పురుళ్ళు పోశావు కదా. నీ చేతిలో పుట్టినవాళ్ళంతా ఓటేస్తే చాలదూ?"

"చాలు మామయ్యా. కానీ వాళ్ళెవరికీ గుర్తు లేదు."

"ఎందుకు లేదు. పుట్టగానే వీపు మీద ఒక్కటిచ్చావుగా. ఆ కోపం ఉంటుంది."

అందరూ నవ్వారు. నవ్వాక తోయోమి చాప మీద తల్లి ఎదురుగా కూర్చుంది. కాళ్ళు పక్కకి మడిచి, తల వంచి, చిన్నప్పుడు కూర్చున్నట్టే కూర్చుంది. ఊళ్ళన్నీ తిరిగి గొంతు బొంగురుపోయింది.

"రేవుల్లో మగాళ్ళు ఏమడుగుతున్నారో తెలుసా అమ్మా? తుఫాను వస్తే ఏం చేస్తావంటారు. నా మీద పోటీకి నిలబడ్డ బెనీతో గారిని మాత్రం ఎవరూ అడగలేదు, ఆయనేదో తుఫానుని ఊది పంపించేవాడిలాగా. ఇంట్లో వంట ఎవరు చేస్తున్నారంటారు. ఆయన మాట్లాడితే రోడ్ల గురించి మాట్లాడుకుంటారు, నేను మాట్లాడితే నా జుట్టు గురించి మాట్లాడుకుంటారు."

"జుట్టు బాగానే ఉందిగా," అంది తల్లి.

"బాగానే ఉంది. ఓటు వేసేంత బాగా లేదట." తోయోమి నవ్వబోయి మానేసింది. "మన ఊరి మగాళ్ళ సంగతి మామయ్య చూసుకుంటానన్నాడు. మేనమామ మాట కాదనరు. నా భయం ఆడవాళ్ళ గురించే. వాళ్ళు ప్రసంగాలు వినరు, నీ మొహం చూస్తారు. ఒల్‌సంగే కాదు, ఈ తీరం పొడుగూతా అంతే. ఒక్క మాట చెప్పు అమ్మా. నీ నోటితో నా పేరు చెప్పు, చాలు."

 దిలుబెక్ బుట్టలోంచి ఒక పచ్చి వక్క తీసి వేళ్ళ మధ్య తిప్పింది.

"మనది కూర్చోబెట్టే చెయ్యి, తల్లీ. కూర్చునే నడుం కాదు."

"ఆ కుర్చీ వేరమ్మా."

"ఏ కుర్చీ అయినా నాలుగు కాళ్ళేగా. నా తరవాత ఆ కొబ్బరాకు ఎవరు పట్టుకుంటారు? నువ్వు పైన కూర్చుంటే కింద నిలబడి చూసేదెవరు?"

"అది ఇప్పుడెందుకు?"

"ఇప్పుడు కాకపోతే నా దినానికి మాట్లాడతావా?"

తోయోమి తల్లి మోకాళ్ళ వైపు చూసింది. వాటి చుట్టూ ఏదో ఆకు పసరు కట్టు ఉంది. "గెలిచినా ఓడినా మడిలోకి వస్తానమ్మా. శనివారం శనివారం వస్తాను. మాటిస్తున్నాను."

మడి అంది. ఆకు అనలేదు. దిలుబెక్ అది గమనించింది. ముసలివాళ్ళకి కళ్ళు మసకబారుతాయి గానీ ఇలాంటివి ఎందుకో మరీ స్పష్టంగా వినబడతాయి.

ఆవిడ వక్కని చాకుతో నిలువునా రెండుగా చీల్చింది. ఒక సగానికి సున్నం రాసి, తమలపాకు చుట్టి కూతురికిచ్చింది. రెండో సగం తన నోట్లో వేసుకుంది. ఆ ఇంట్లో మాట కుదిరితే అలాగే చేస్తారు. ఉబాల్ తల మీద ఆకు పెట్టే ముందు కూడా ఆవిడ అలాగే సగం వక్క ఇచ్చింది.

తోయోమి కళ్ళు తడిసాయి. వక్క బుగ్గన పెట్టుకుని, తల్లి చేతిని నుదుటికి ఆనించుకుని, దారి పొడుగూతా తేలికగా అడుగులు వేస్తూ వెళ్ళిపోయింది. ఆ వక్కని తల్లి ఇచ్చింది కడుపున పుట్టిన పిల్లకి. తీసుకున్నది ప్రెసిడెంటుకి నిలబడ్డ మనిషి. ఒకే వక్కలో అంత తేడా ఉంటుందని చీల్చిన చెయ్యికి గానీ, నమిలిన నోటికి గానీ తట్టలేదు.

*

ఆ వారమే పక్క వీధిలో ఒక చావు. చావింటికి పంపాల్సిన దుంపలు చెక్కడానికి ఆడవాళ్ళందరూ కత్సూయే వంటపాకలో చేరారు. కత్సూయే దిలుబెక్‌కి వరసకి చెల్లెలు. ఊళ్ళో రెండో పెద్దింటి ఆడది. చేత్తో దుంప, నోటితో మనిషి, రెండూ ఒకే వేగంతో చెక్కగలదు.

"నాకొక్క అనుమానం తీర్చండర్రా," అంది కత్సూయే. "చావింట్లో ఆడవాళ్ళం లోపల శవం చుట్టూ కూర్చుంటాం. మగాళ్ళు బయట పందిట్లో. ప్రెసిడెంటు వస్తే బయట ముందు వరసలో కూర్చోబెడతారు. మరి మన తోయోమి ప్రెసిడెంటయితే ఎక్కడ కూర్చుంటుంది?"

"లోపలే," అంది ఒకామె.

"లోపల కూర్చుంటే బయట ప్రెసిడెంటు కుర్చీ ఖాళీ. దాంట్లో పిల్లి పడుకుంటుంది."

"అయితే బయటే."

"బయట మగాళ్ళ మధ్య కూర్చుంటే లోపల శవం మీద పడి ఏడ్చేదెవరు? బెనీతోనా?"

పాకంతా నవ్వులు. బెనీతో బట్టతల, బొజ్జ, శవం మీద పడి ఏడవడం ఊహించుకుని ఒకామె చాకు కింద పెట్టేసింది. నవ్వు తగ్గాక కత్సూయే గొంతు మారింది.

"నవ్వులాటకి కాదు. తోయోమి మంచిదే. నా మనవణ్ణి బయటికి లాగింది ఆ చెయ్యే. కానీ చూడండి. మగాడు తప్పు చేశాడనుకో, మనం వెళ్ళి ఆకు తీసేస్తాం. ఆడది కూర్చుని తప్పు చేస్తే ఎవరు తీస్తారు? మగాళ్ళకి తీసే హక్కు లేదు. మనం తీస్తే జుట్లు పట్టుకున్నామంటారు. అప్పుడు మగాళ్ళని తీసే మన హక్కు కూడా నవ్వులపాలవుతుంది. పెట్టేదీ మనమే, కూర్చునేదీ మనమే అయితే ఇంక లోకంలో పట్టుకొమ్మ ఏది?"

 అందరి చాకులూ ఆగాయి. అందరూ దిలుబెక్ మొహంలోకి చూశారు.

తన కూతురు తన మొహం గురించి చెప్పిన మాట దిలుబెక్‌కి గుర్తొచ్చింది. ఒక పేరు చెబితే చాలు. నాలుక చివర ఉన్న పేరే, తను పెట్టిన పేరే. కానీ కత్సూయే చెప్పిన దాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు కాదు. తన తల్లి తనకి చెప్పినదీ అదే, అమ్మమ్మ తల్లికి చెప్పినదీ అదే. పైగా కుర్చీ ఎక్కిన కూతురు ఆకు పట్టుకోదు. దిగి వచ్చేసరికి తను ఉండదు. ఓడితే వస్తుంది. రెండు రోజులు ఏడుస్తుంది, తరవాత మడిలోకి దిగుతుంది, తరవాత ఆకు పట్టుకుంటుంది. అది కూతురికి అన్యాయమని దిలుబెక్‌కి ఆ క్షణాన తోచలేదు. జారిపోయేదాన్ని ఒడిసిపట్టుకున్నట్టే తోచింది.

"దించగలిగిన వాణ్ణే ఎక్కించాలి," అంది.

 చాకులు మళ్ళీ కదిలాయి. చీకటి పడక ముందే ఆ మాట తీరం వెంట ఉన్న వంటపాకలన్నీ తిరిగి వచ్చిందంటారు. దుంపలు ఉడికేలోపు తిరిగి వచ్చిందని ఉబాల్ అంటాడు. ఆయన లెక్కలు ఎప్పుడూ అంతే.

*

ఓట్ల రోజున బడిలో అట్ట పెట్టెల మధ్య నిలబడి దిలుబెక్ కాగితం విప్పింది. రెండు పేర్లు. ఆకు పెట్టేటప్పుడు ఊరంతా చూస్తుంది. మెడ వంచిన మనిషి వెచ్చదనం వేళ్ళకి తెలుస్తుంది. ఇక్కడ ఎవరూ లేరు, వంచడానికి మెడ లేదు.  బెనీతో పేరు పక్కన గీత గీసి, కాగితం మడిచి, కూతురికి మంచి చేశాననే అనుకుంటూ బయటికి వచ్చింది.

బయట ఉబాల్ మగాళ్ళ గుంపులో నిలబడి ఉన్నాడు. "వేశావా అక్కా?" అన్నాడు. "వేశాను," అంది. ఇద్దరూ వేరే వేరే సంగతులు మాట్లాడుకుంటున్నామని ఒకరికి తెలుసు, ఒకరికి తెలియదు.

సాయంత్రం బడి వరండాలో పెట్టె విప్పి పేర్లు పైకి చదివారు. బెనీతో. బెనీతో. తోయోమి. బెనీతో. మొదట్లో ఉబాల్ ప్రతి తోయోమికీ తొడ మీద చరుచుకున్నాడు. సగం అయ్యేసరికి చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఊళ్ళో మగాళ్ళెందరో ఆయనకి తెలుసు, ఎవరెవరు మాటిచ్చారో తెలుసు. తోయోమి పేర్లు ఆ మగాళ్ళతోనే అయిపోయాయి.

మర్నాడు రేడియో చెప్పింది. బెనీతో గెలిచాడు. తేడా ఎంతంటే, ఒల్‌సంగ్ ఆడవాళ్ళనీ పక్కనున్న రెండూళ్ళ ఆడవాళ్ళనీ ఒకచోట నిలబెడితే మన బడి ఆవరణ కూడా నిండదు. అంతే తేడా.

ఉబాల్ అక్క ఇంటికి వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. 

"మొగాళ్ళు మాట తప్పుతారేమోనని రాత్రంతా పడుకోలేదక్కా," అన్నాడు. "తప్పలేదు. ఒక్కడూ తప్పలేదు. ఆడదాని కింద పనిచెయ్యడం మనకి కొత్తా, పుట్టినప్పట్నుంచీ చేస్తున్నదేగా అని చెప్పాను. నవ్వుతూ వేశారు."

దిలుబెక్ వక్క నమలడం ఆపలేదు.

"దానికి సగం వక్క ఇచ్చావు," అన్నాడు. "నా కళ్ళముందే ఇచ్చావు."

ఆ రోజు ఆయన ఏ చేప కథా చెప్పలేదు. లేచి వెళ్ళిపోయాడు.

తోయోమి వారం తరవాత వచ్చి, ఓడినవాళ్ళు కూడా చెప్పుకోవలసిన కృతజ్ఞతలు ఊరికి చెప్పుకుంది. ఇంటింటికీ బియ్యం పంచింది. ఆడవాళ్ళు "అయ్యో తల్లీ" అన్నారు, ఆమె మొహం చూడకుండా అన్నారు. ఆమె తల్లిని ఏమీ అడగలేదు. మాటిచ్చినట్టు శనివారం వచ్చి, చీర కుచ్చెళ్ళు దోపుకున్నట్టు గుడ్డ పైకి కట్టి మడిలోకి దిగింది. పొద్దువాలేదాకా కలుపు తీసి, కాళ్ళు కడుక్కుని, టౌనుకి వెళ్ళిపోయింది. దిలుబెక్ గట్టు మీద కూర్చుని చూసింది. అనుకున్నట్టే జరుగుతోంది. 

*

బెనీతో చెడ్డవాడేమీ కాదు. రోడ్లు వేస్తానన్నాడు, వేశాడు. ఆ రోడ్డు మటుకు ఒల్‌సంగ్ మీదున్న కొండని నిలువునా కోసుకుంటూ వెళ్ళింది. మొదటి పెద్ద వానకే కొండలోని ఎర్రమట్టంతా జారి మడుల్లోకి దిగింది. చేమ మొక్కకి పారే నీళ్ళుండాలి. బురద పట్టిన మడిలో దుంప కుళ్ళిపోతుంది. అమ్మమ్మల నాటి మడులు, ఏ కరువులోనూ ఊరిని పస్తుంచని మడులు, రెండు వానల్లో ఎర్రటి జావ అయిపోయాయి. ఓట్లకి ముందే సెనేట్‌లో ఆ రోడ్డు దారి మార్చాలని పోట్లాడింది తోయోమి ఒక్కతే. ఆ సంగతి అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఆమె జుట్టు గురించి మాట్లాడుకుంటూ ఉండిపోయారు.

ఆడవాళ్ళు పద్ధతి ప్రకారం మంచి దుంపలు ఏరి, ఉడికించి, బుట్టలకెత్తుకుని కొండ మీద తెల్ల స్తంభాల ప్రెసిడెంటు కచేరీకి వెళ్ళారు. బెనీతో లేచి ఎదురొచ్చాడు. అందరికీ చల్లని పళ్ళరసాలిచ్చాడు. దుంప తిని బాగుందన్నాడు. ఇంజనీర్లతో మాట్లాడతానన్నాడు. ఇంజనీర్లు రాలేదు, వాన వచ్చింది.

రెండోసారి దిలుబెక్ దుంపలు తీసుకెళ్ళలేదు. కత్సూయేని వెంటబెట్టుకుని వెళ్ళింది. లోపల గది చల్లగా ఉంది. ఆవిడ నేల మీద కూర్చోబోతే, బెనీతో గబగబా వచ్చి చెయ్యి పట్టుకుని మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టాడు. కాళ్ళు నేలకి ఆనలేదు.

ఆవిడ ఆయన కళ్ళలోకి చూసింది. దుంపలో కుళ్ళు ఎక్కడుందో చూసే చూపు అది.

"బెనీతో," అని పిలిచింది.

 ఆ పిలుపు పక్కనున్న కత్సూయే ఇదివరకొకసారి విన్నది. ఒక మనిషి నేలకి కుంగిపోవడం చూసింది.

బెనీతో నవ్వాడు. వెక్కిరింపు కాదు, నిజంగా సంతోషంతో నవ్వాడు. "ఎన్నాళ్ళయిందమ్మా నన్నలా పేరు పెట్టి పిలిచి. ఇక్కడ అందరూ ప్రెసిడెంటు గారూ, ప్రెసిడెంటు గారూ అంటారు. మా అమ్మ పోయాక మళ్ళీ ఇప్పుడే."

"నిన్ను మేం ఎక్కించాం," అంది దిలుబెక్. "దిగిపో."

ఆయన నవ్వు మెల్లగా తగ్గింది. కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు, పెద్దావిడ ముందు కూర్చోవలసినట్టే. "అమ్మా, నేనూ ఒక అమ్మ కొడుకునే. మా ఊళ్ళో నా ఆకు మీలాంటి వాళ్ళ చేతిలోనే ఉంది. అది తీస్తే రేపే ఊరు వదిలి పోతాను. కానీ ఈ కుర్చీకి కొబ్బరాకు లేదమ్మా. నాలుగేళ్ళు నిండేదాకా దీన్నుంచి నన్ను మీరు దించలేరు. నేనే దిగిపోయినా అది మీరు దించినట్టు కాదు." కాస్త ఆగి, "ఇది ఓట్లకి ముందే మీకు తెలుసనుకున్నాను," అన్నాడు.

తిరుగు దారిలో కత్సూయే ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మనిషి నోరు మూసుకుని కూర్చోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. బండి ఎర్రమట్టి రోడ్డు మీద ఊగుతూ దిగింది. కిందకి చూస్తే మడులన్నీ ఒకే రంగు.

"అక్కా," అంది చివరికి, ఊరు కనబడ్డాక. "దించగలిగిన వాణ్ణన్నావు."

"అన్నాను," అంది దిలుబెక్.

*

ఆ శనివారం తోయోమి ఎప్పటిలాగే వచ్చింది. బురద ఎత్తి గట్టు మీద పోస్తూ, నీళ్ళు బయటికి పోవడానికి కాలవ తవ్వుతోంది. తవ్వింది తవ్వినట్టే మళ్ళీ పూడుకుపోతోంది. అయినా తవ్వుతూనే ఉంది. ఉబాల్ పార పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. మడి ఆడవాళ్ళది కాబట్టి లోపల అడుగు పెట్టడు. పైకొచ్చిన బురదని పక్కకి లాగుతున్నాడు.

దిలుబెక్ కర్ర ఊతంతో వచ్చి కూర్చుంది.

"వాణ్ణి ఎక్కించింది నేనే," అంది.

తోయోమి నడుం ఎత్తలేదు. "తెలుసమ్మా."

"మీ మామయ్య చెప్పాడా?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. నువ్వు నా పేరు చెప్పి ఉంటే కత్సూయే పిన్ని చెప్పేది. పిన్ని చెబితే తీరమంతా చెప్పేది. ఎవరూ చెప్పలేదంటే ఎక్కడ ఆగిందో నాకు తెలియదా?" ఒక దోసెడు బురద ఎత్తి గట్టు మీద పోసింది. "మగాళ్ళ చేత ఓడిపోతే ఏడ్చి ఊరుకునేదాన్ని. దానికి సిద్ధపడే వచ్చాను."

మరో దోసెడు ఎత్తి పోసింది.

"నువ్వు పైకెక్కితే ఇటు రావనుకున్నానే," అంది తల్లి. "ఆకు నీ చేతిలో పెడదామనే. నీ కోసమే."

"అది కూడా తెలుసు."

"మరైతే తీసుకో. వచ్చే వారం ఊరిని పిలుస్తాను. ఇంక నాకు ఓపిక లేదు తల్లీ. మళ్ళీ ఓట్లొచ్చేసరికి నువ్వే ఆడవాళ్ళకి చెబుదువుగాని, ఎవరి పేరు చెప్పాలో."

తోయోమి అప్పుడు నిలబడింది. మోకాళ్ళ దాకా ఎర్రబురద. మొహం మీద కోపం లేదు. ఉన్నా బాగుండేదని దిలుబెక్‌కి అనిపించింది.

"మడి చేస్తానమ్మా. మాటిచ్చాను, బతికున్నన్నాళ్ళూ చేస్తాను. ఆ ఆడపెద్దరికం మాత్రం నాకొద్దు."

"ఎందుకు?"

"అది పుచ్చుకుంటే నేనూ నీలాగే అవుతాను. రేపెప్పుడో ఎవరి కూతురో వచ్చి నా ఎదురుగా చాప మీద కూర్చుంటుంది. నేనూ దాని చేతిలో సగం వక్క పెట్టి పంపేస్తాను. మంచికేనని అనుకుంటాను కూడా."

గట్టు మీద ఉబాల్ గొంతు సవరించుకున్నాడు. నలుగురినీ నవ్వించడం తప్ప ఆయనకి ఇంకో పని రాదు, అదే చేయబోయాడు. "మరి నా సంగతేంటమ్మాయ్? అక్క తరవాత నా ఆకు ఎవరు తీస్తారు? తీసేవాళ్ళు లేకపోతే నాకు కొమ్ములొస్తాయి. కొమ్ములొచ్చిన పెద్దని చూసి చేపలు కూడా..."

"నీ ఆకు నీతోనే ఉంటుంది మామయ్యా. ఎవరూ తియ్యరు."

ఆయన నోటిలోని చేప అక్కడే ఆగిపోయింది. అలవాటుగా చెయ్యి తల మీదకి వెళ్ళింది. తీసే చెయ్యి లేని ఆకు ఎంత బరువుంటుందో అప్పుడే తెలిసినట్టు, చెయ్యి అక్కడే ఉండిపోయింది.

 దిలుబెక్ బుట్ట తెరిచి, వక్క తీసి, చాకుతో నిలువునా చీల్చింది. ఒక సగానికి సున్నం రాసింది, తమలపాకు చుట్టింది. ఈసారి ఏ కుర్చీ కోసమూ కాదు, ఏ ఆకు కోసమూ కాదు. ఉత్త పిల్లకి ఉత్త తల్లి ఇచ్చేది. చెయ్యి చాచింది.

తోయోమి ఆ చేతి వైపు చూసింది. తన చేతులు తిప్పి చూసుకుంది.

"చేతులు బురదగా ఉన్నాయమ్మా," అంది. "తరవాత."

వంగి మళ్ళీ కాలవ తవ్వడం మొదలుపెట్టింది. దిలుబెక్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అరచేతిలో తమలపాకు మెల్లగా విప్పుకుంది. ఎండకి సున్నం తెల్లగా ఆరిపోతోంది. కొండ మీద మబ్బు పట్టింది.